బుంగకప్ప పేజీలో పెన్సిల్ రాత

నేను లెక్కల టీచర్ని. చేవెళ్లలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే ‘నువ్వు కళ్లారా చూశావా, పక్కన ఇంకెవరున్నారు, అప్పుడు టైమెంత’ అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు పోసే రకం. పైగా మాది క్రైస్తవ కుటుంబం. పోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. అంటే చదువు ప్రకారం చూసినా, నమ్మకం ప్రకారం చూసినా నేనిప్పుడు చెప్పబోయేది జరగకూడదు. కానీ జరిగింది. ఏదీ కలపకుండా, నా తప్పు కూడా దాచకుండా వరసగా చెబుతాను.

మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి మా ఊరు. మా అన్న పేరు శామేలు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. బాపు పోయినప్పుడు ఇంటర్ మధ్యలో మానేసి పొలంలోకి దిగాడు. కొత్తిమీర, టమాట పండించి నన్ను డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ చదివించాడు. పెళ్లయ్యాక నేను చేవెళ్లలో కిరాయి ఇంటికి మారాను. అన్న, వదిన ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్లకు పిల్లల్లేరు.

మా ఇద్దరికీ ఒక పిచ్చి ఉండేది. మన దేశపు కప్పలు, పాములు, తొండలు, తాబేళ్ల మీద ఇంగ్లిషువాళ్ల కాలంలో అచ్చయిన పుస్తకాలు ఎక్కడ కనిపించినా కొనేవాళ్లం. “పొలంల ఫ్రీగ తిరిగేటివి పైసలు వెట్టి పుస్తకంల సూస్తరా మీరు?” అని వదిన నవ్వేది. నిజానికి ఈ పిచ్చి మొదలైంది అన్నతోనే. ఒక ఆదివారం సిటీ మార్కెట్లో కొత్తిమీర దింపేసి, నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి వచ్చాడు. నాకు స్కూల్లో చెప్పడానికి లెక్కల గైడ్లు కావాలి. నేను గైడ్లు వెతుకుతుంటే అన్న ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకం ముందు గొంతుక్కూర్చుండిపోయాడు. వెన్ను ఊడిపోయిన పుస్తకం. లోపల చేత్తో రంగులు వేసిన బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద పల్చటి పొర కాగితం. “ఇది మన చెర్వుల కప్పనే గద రా” అన్నాడు, ఊరివాళ్లెవరినో పట్నంలో చూసినట్టు.

తర్వాతి పదకొండేళ్లలో ఇరవైకి పైగా పుస్తకాలు పోగయ్యాయి. ఏ పుస్తకం దొరికినా ముందు బొమ్మలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టడం, ఎండిన వేపాకు వేసి బీరువాలో పెట్టడం, వానాకాలంలో బూజు పట్టకుండా వారానికోసారి గాలికి తెరవడం నా వంతు. చదవడం అన్న వంతు. అతనికి ఇంగ్లిషు అంతంత మాత్రం. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. ఏ కప్ప ఏ నెలలో ఏ మడిలో కూస్తుందో మాత్రం ఆ పుస్తకం రాసిన దొర కంటే మా అన్నకే బాగా తెలుసు. ఈ మాట ప్రేమతో అంటున్నది కాదు, చాలాసార్లు సరిచూశాను.

ఆ ఆకుపచ్చ పుస్తకంలో బొమ్మ పక్కన ఖాళీ జాగాలో అన్న పెన్సిల్‌తో రాసేవాడు. మా ఊళ్లో దాన్ని ఏమంటారు, ఎక్కడ చూశాం, అప్పుడు పొలంలో ఏ పంట ఉంది. ‘చెర్వు అలుగు కాడ. వరి నాట్లప్పుడు. ఇద్దరం చూసినం.’ ఇట్లా ఉండేవి. ఇద్దరం కళ్లారా చూస్తేనే రాయాలన్నది అతను పెట్టిన రూలు. ఒక్కడు చూస్తే చెల్లదు. అందుకే ఏదైనా కొత్తది కనబడితే నాకు ఫోన్ వచ్చేది. స్కూలు వదిలిన వెంటనే నేను ఆటో ఎక్కి వెళ్లేదాకా అన్న ఆ జీవిని కళ్లతో కాపలా కాస్తూ గట్టు మీద కూర్చునేవాడు.

చివరికి మా చుట్టుపక్కల దొరికే కప్పల్లో ఒక్కటే రాయకుండా మిగిలింది. మనవాళ్లు దానికి పెట్టిన పేరేదీ మాకు తెలియలేదు, అన్నే బుంగకప్ప అని పెట్టాడు. గుండ్రంగా, ముక్కు పొట్టిగా, గాలి నింపినట్టు ఉబ్బి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే ఉండి, తొలి పెద్ద వానకు ఒకట్రెండు రోజులు పైకి వచ్చి మళ్లీ లోపలికి పోతుంది. ప్రతి ఏడూ తొలివాన పడగానే ఇద్దరం గట్ల వెంట తిరిగేవాళ్లం. రెండుసార్లు దాని కూత విన్నామని అన్న పట్టుబట్టాడు. విన్నది లెక్కలోకి రాదని మళ్లీ తనే అన్నాడు.

ఇక నా సంగతి.

పోయినేడాది దసరా సెలవుల్లో బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన కూడా ఇలాంటి పుస్తకాలే సేకరిస్తాడు. నా దగ్గర పాముల పుస్తకం మొదటి సంపుటం ఉంది, రెండోది ఎన్నేళ్లుగా వెతుకుతున్నా దొరకలేదు. అది ఆయన దగ్గర ఉంది. ఆకుపచ్చ పుస్తకం ఇస్తే అది ఇస్తానన్నాడు. అయితే పేజీల్లో రాతలు ఉండకూడదట. రాతలున్న ప్రతిని మాలాంటి వాళ్లం చెడిపోయిన సరుకు కిందే లెక్కవేస్తాం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఎన్నో పుస్తకాలు ‘ఎవడో గీకాడు’ అని చూసి పక్కన పడేశాను.

మూడు ఆదివారాలు కూర్చున్నాను. మెత్తటి రబ్బరుతో, కాగితం లేవకుండా, అన్న రాతలన్నీ తుడిచాను. అతను పెన్సిల్ గట్టిగా నొక్కి రాస్తాడు. అక్షరాలు పోయినా గాడి మిగిలింది. కొద్దిగా తడిపిన బ్లాటింగ్ పేపర్ ఆ అంచుల మీద పరిచి, బరువు పెట్టి, ఆ గాడి కూడా అణిగిపోయేలా చేశాను. అంత శ్రద్ధగా చేశాను. పని అయ్యాక ప్రతి పేజీకీ ఫోన్‌లో ఫోటో తీసి ఆయనకు పంపాను. ఆ ఫోటోలు తీసిన తారీఖులతో సహా ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఆయన ఫోటోలు చూసి, కాగితం మీద తుప్పు రంగు మచ్చలు ఎక్కువగా ఉన్నాయని, వద్దన్నాడు.

అన్నకు చెప్పకుండా ఇదంతా ఎందుకు చేశానంటే, పుస్తకం ఉండేది నా బీరువాలోనే కదా, నా జీతంతో కొన్నది నేనే కదా అనుకున్నాను. ఇప్పుడు రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ కొన్న డబ్బు నాకు ఎవరి కష్టం వల్ల వచ్చిందో ఆలోచించలేదు.

క్రిస్మస్ ముందర అన్న మా ఇంటికి వచ్చి పుస్తకం అడిగాడు. ఉడుము పేజీ చూడాలన్నాడు. ఇచ్చాను. ఒక పేజీ తిప్పాడు, మరొకటి తిప్పాడు. తర్వాత ఏ పేజీ దగ్గరా ఆగకుండా చివరిదాకా తిప్పాడు. “మంచిగ తెల్లగ జేసినవ్ రా” అన్నాడు. టీ తాగి బస్సెక్కి వెళ్లిపోయాడు. తప్పయిందని చెప్పడానికి నాకు చాలా రోజులు దొరికాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

మార్చిలో అన్న టమాట మడిలో పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. సిటీలో దవాఖానలో పదహారు రోజులు ఉంచి ఇంటికి తెచ్చాం. ఆ తర్వాత ఆ చేత్తో అతను చెంచా కూడా పట్టుకోలేదు. ఎడమ చేత్తో రాయడం అతనికి ముందు నుంచీ రాదు. ప్రతి ఆదివారం పోయి మంచం పక్కన కూర్చునేవాణ్ని. స్కూలు కబుర్లు, కొత్తగా ఎక్కడో కనిపించిన పుస్తకం కబుర్లు చెప్పేవాణ్ని. ఆ ఒక్క మాటా నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మాట్లాడలేని మనిషి దగ్గర క్షమాపణ అడగడమంటే అతని చేత బలవంతంగా సరే అనిపించుకోవడమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి మంచి పేరు పెట్టుకున్నానన్నమాట.

పుస్తకం ఈ కాలమంతా చేవెళ్లలో నా బీరువాలోనే ఉంది. తాళంచెవి ఒక్కటే, అది నా బండి తాళాలతోనే ఉంటుంది.

జూన్‌లో ఒక బుధవారం అన్నకు బాగా లేదని ఫోన్ వస్తే నేనూ నా భార్యా ఊరెళ్లాం, గురువారం పొద్దున అతను పోయాడు. అప్పటికి వాన చుక్క లేదు. ఆ సాయంత్రమే మొగులు పట్టి, ఆ ఏటి తొలి వాన దంచి కొట్టింది. బంధువులు కొందరు తడుస్తూనే వచ్చారు. ఈ వరస ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. అన్న పోయిన తర్వాతే వాన పడింది.

మర్నాడు పొద్దున శ్మశానంలో, మా ఊళ్లో గోరీల జాగ అనే చోట, సమాధి తవ్వారు. మాలో సమాధి కూలివాళ్లు తవ్వరు, ఇంటివాళ్లే తవ్వుతారు. జన్వాడ నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు ఆశీర్వాదం బావ గుంతలో ఉన్నాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, వెలుతురు బాగా ఉంది. నడుం లోతు దాటాక బావ పార ఆపి నన్ను పిలిచాడు.

“దానేలూ, జర గిటు రా. పారకు తగుల్తుండె, సూస్కొని ఆగిన. గిదేం కప్పరా? నేనెన్నడు సూడలె.”

తడిమట్టి పెళ్లతో పాటు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ముద్దలా ఉంది. గోధుమరంగు ఒంటి మీద పసుపు మరకలు, పొట్టి ముక్కు. బొమ్మలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. పదకొండేళ్లు ఇద్దరం గట్ల మీద వెతికింది, అన్న కోసం తవ్విన గుంతలో దొరికింది. అక్కడే కూలబడి ఏడ్చాను. అన్న కోసం ఏడుస్తున్నాననుకుని అందరూ ఓదార్చారు. అదీ నిజమే.

కంచె వారన మెత్తటి మట్టిలో దాన్ని వదిలాను. వెనక కాళ్లతో మట్టిని తోడుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ, నా ముఖం వైపే చూస్తూ భూమిలోకి దిగిపోయింది. అది బావా నేనూ మాత్రమే చూశాం. అదేం కప్పో బావకు చెప్పలేదు. మధ్యాహ్నం పాస్టర్ గారు ప్రార్థన చేశాక అన్నను దింపి, తలా పిడికెడు మట్టి వేశాం.

మూడో రోజు ప్రార్థన కూడిక అయ్యాక ఆదివారం సాయంత్రం ఐదింటికి నేనూ నా భార్యా చేవెళ్ల వచ్చాం. బుధవారం ఊరెళ్లినప్పుడు వేసిన తాళం వేసినట్టే ఉంది. నేను కాళ్లు కడుక్కుని నేరుగా బీరువా దగ్గరికి వెళ్లాను. నా జీవితంలో మొదటిసారి ఒక పాత పుస్తకంలో రాయాలనుకున్నాను. అన్న రూలు ప్రకారం అది చెల్లదు, ఇద్దరం చూడలేదు. అయినా రాయాలనిపించింది. స్కూలు బ్యాగులోంచి పెన్సిల్ తీసుకుని, పుస్తకం బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, పొర కాగితం ఎత్తాను.

బొమ్మ పక్కన అన్న రాత ఉంది.

‘గోరీల జాగ. తొలి వాన. తమ్ముడు చూసిండు.’

మొదట ఏమీ అనిపించలేదు. ఈ పేజీ తుడవడం మరిచిపోయాననుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది, ఆ పేజీలో తుడవడానికి ముందు నుంచే ఏమీ లేదు. నా భార్యను పిలిచాను. ఆమె చదివి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగు రోజులూ ఆమె కూడా ఊళ్లోనే, వదిన పక్కనే ఉంది.

తర్వాతి రోజుల్లో నేను చేసిన పరీక్షలు చెబుతాను. ఫోన్‌లో అప్పట్లో తీసి ఉంచిన ఆ పేజీ ఫోటో తెరిచాను. అంచు తెల్లగా ఉంది, పెద్దది చేసి చూసినా గీత లేదు. పేజీ వెనక చేత్తో తడిమాను. అక్షరాలు గట్టిగా నొక్కినచోట కాగితం ఉబ్బి ఉంది. మా స్కూలు డ్రాయింగ్ సారుకు సంగతి చెప్పకుండా చూపించాను. మామూలు పెన్సిలే, కుడి చేతివాటం మనిషి, బలంగా నొక్కి రాశాడన్నాడు. అన్న చర్చి పాటలు రాసుకున్న నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. దుఃఖంలో ఒళ్లు తెలియక నేనే రాశానేమోనని కూడా అనుమానించాను. అదే మాట అన్న రాతలాగా రాయాలని ఒక తెల్లకాగితం నిండా ప్రయత్నించాను. నా చేతికి రాలేదు. పైగా కప్పను చూసినప్పటి నుంచి పేజీ తెరిచేదాకా నేను పుస్తకానికి మైళ్ల దూరంలో, పదిమంది మధ్య ఉన్నాను.

నెల తర్వాత ఒక ఆదివారం, చర్చి అయ్యాక, పుస్తకం వదిన దగ్గరికి పట్టుకెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది. జరిగింది మొత్తం చెప్పాను. రబ్బరుతో తుడిచిన సంగతి కూడా. ఆమె కళ్లజోడు పెట్టుకుని పేజీ చూసింది. వేలితో ఆ రాత మీద ఒకసారి నిమిరింది.

“ఆయనదే” అంది.

అన్నకు నా మీద కోపం ఉండేనా అని అడిగాను. అడగాల్సిన మనిషిని అడగకుండా ఆమెను అడిగాను.

“కోపం లేకుండె దానేలూ. ఆ రోజు మీ ఇంటికెళ్లి వచ్చి బువ్వ తినలె. కొత్తిమీర కట్టలు గట్టుకుంట కూసున్నడు. ‘నా రాతతోని పుస్తకం ఖరాబైతుండె, తమ్ముడు మంచి పనే జేసిండు’ అన్నడు. గంతే. గా పొద్దుసంది మల్ల పెన్సిలు ముట్టలె.”

ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. నా భారం దించాలనే అంది. అన్న నన్ను తిట్టి ఉంటే, ఊళ్లో అందరి ముందూ కొట్టి ఉంటే ఇంతకంటే తేలికగా ఉండేది. అతను తన రాతనే తప్పు పట్టుకున్నాడు. పదకొండేళ్లు తను కూడబెట్టిన తెలివిని మరక అనుకుని పోయాడు. దాన్ని మరక చేసింది నేను.

వదినా నేనూ కూర్చుని, తుడిచిన రాతల్లో గుర్తున్నవి మళ్లీ చెప్పుకోవాలని చూశాం. ఆమెకు కొన్ని పేర్లు వచ్చు. నాకు కొన్ని జాగాలు గుర్తున్నాయి. పేరుకూ జాగాకూ జత కుదిరినవి తొమ్మిదే తేలాయి. మిగతావి అన్నతోనే పోయాయి. ఆ తొమ్మిదీ వేరే కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టాను. పేజీల మీద రాసే హక్కు నాకుందని అనిపించలేదు.

దయ్యాలున్నాయని నేనిప్పటికీ అనను. పాస్టర్ గారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకుంటున్నాను. ఆ రాత అక్కడికి ఎలా వచ్చిందో నా దగ్గర జవాబు లేదు, ఎవరైనా చెబితే వింటాను. నన్ను తినేస్తున్నది అది కాదు. కదలని చేత్తో, ఎక్కడి నుంచో, తన రూలు తనే మార్చుకుని ‘తమ్ముడు చూసిండు’ అని రాశాడు కదా, దాని కింద బోలెడంత ఖాళీ జాగా ఉంది. అక్కడ ‘పోనీలేరా’ అని ఇంకొక్క మాట రాసి ఉంటే నాకు చాలేది. దాని కోసం అన్ని పేజీలూ వెలుతురుకు పట్టి, ముందూ వెనకా తిప్పి చూశాను. ఎక్కడా లేదు.